నాయిన పరిచిన బండలు

నాయిన పోయి ఏడాదైంది. సంవత్సరీకం ఊర్లోనే చేయాలని అమ్మ పట్టుబట్టింది. రెండు రోజుల ముందే నేను హైదరాబాద్ నుంచి, అమ్మా తమ్ముడూ మహబూబ్‌నగర్ నుంచి ఊరు చేరుకున్నాం. మాది కోస్గి దగ్గర చిన్న పల్లె. నేను చదువుకునే రోజుల్లో అది పాలమూరు జిల్లా, ఇప్పుడు నారాయణపేట జిల్లా.

తాళం తీస్తే నేల కనిపించలేదు. ఏడాది దుమ్ము, పావురాల ఈకలు, కిటికీలోంచి కొట్టుకొచ్చిన వేపాకు. రెండుసార్లు ఊడ్చి, బకెట్‌తో నీళ్లు తెచ్చి నడింట్లో ఒక చెంబెడు పోశాను. పోసీ పోయకముందే వాసన లేచింది. చిన్నప్పుడు తడిగుడ్డతో పలక తుడిస్తే ఒక వాసన వచ్చేది కదా, ఇంచుమించు అదే. ఎండిపోయిన షాబాదు బండ నీళ్లు తాగుతున్నప్పటి వాసన. బూడిద రంగులో వెలవెలబోతున్న బండ నా కళ్ల ముందే నీలంగా మారింది. చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

"ఒక్కతాన పొయ్యకు బిడ్డా, మూలకెల్లి పోసుకుంట రా" అంది అమ్మ గడప మీద కూర్చుని. నలభై ఏళ్ల కింద అన్న మాటే, అదే గొంతుతో.

* * *

మా నాయిన బండల మేస్త్రి. గోడలు కట్టేవాళ్లు వేరు, నేల పరిచేవాళ్లు వేరు. చుట్టుపక్కల పది ఊర్లలో ఇల్లు కడితే నేలకు నాయిననే పిలిచేవారు. మా దగ్గర అన్నిటినీ షాబాదు బండలనే అంటారు గానీ ఎక్కువ భాగం వచ్చేవి తాండూరు నుంచే. సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్ దాకా నిజాం రైలుపట్టాలు పడింది 1874లో. తాండూరు ఆ దారిలోనే ఉంది, వాడి దాటి గుల్బర్గా వైపు పోతే షాబాదు. 1956 దాకా గుల్బర్గా, మా పాలమూరు ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. రాళ్లు రెండు ఊర్లవీ ఒకటే జాతి కాబట్టి పాత పేరే నిలిచిపోయిందని నాయిన చెప్పేవాడు.

ఒకసారి బండల లారీలో నన్ను కూడా తాండూరు తీసుకుపోయాడు. గని అంటే గుహలాగా ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే నేలను మెట్లు మెట్లుగా తవ్విన పెద్ద గుంత. గోడ పొడవునా పొరలే పొరలు, పుస్తకాన్ని అంచు వైపు నుంచి చూసినట్టు. ఒకాయన పొర సందులో ఉలి పెట్టి సుత్తితో కొట్టుకుంటూ పోతున్నాడు. ఒక్కచోట గట్టిగా కొట్టడం లేదు. అంచు వెంబడి వరసగా, చిన్న చిన్న దెబ్బలు. కొంతసేపటికి టప్పున చప్పుడై, మంచమంత బండ పొర విడిపోయి కొద్దిగా పైకి లేచింది. ఇద్దరు గడ్డపారలు పెట్టి లేపారు. రంపం తగలకుండానే పైముఖం అంత చదునుగా ఉంది. ఎన్నో వేల ఏళ్లు నీళ్ల అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడితే అట్లా పొరలుగా వస్తుందని తర్వాత చదువుకున్నాను. ఆరోజు మాత్రం ఎవరో పరిచి పెట్టినట్టే అనిపించింది.

నీలం బండలు ఒకవైపు, పసుపువి ఒకవైపు పేర్చి ఉన్నాయి. నాయిన ఒక్కో బండను అంచు మీద నిలబెట్టి వేలి కణుపుతో కొట్టేవాడు. ఖణ్ అంటే లారీలోకి. మొద్దుగా పలికితే పక్కకు. "లోపట చీలిక ఉన్నది, కంటికి కనబడది, చెవికి వినబడుతది" అన్నాడు. నేను కూడా కొట్టి చూశాను. మొదట రెండూ ఒకలాగే వినిపించాయి. ఇరవై బండలు అయ్యేసరికి తేడా పట్టుకున్నాను. అప్పుడు నాయిన ముఖంలో వచ్చిన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే.

మా సొంత ఇంటికి రెండడుగుల చదరపు బండలు తెచ్చాడు. కింద సున్నం, ఇసుక పరిచి, దారం కట్టి, ఒక్కొక్కటి చెక్క సుత్తితో తట్టి కూర్చోబెట్టాడు. అంచులు ఉలితో చెక్కి సరిచేసినవే, మెషిన్ కోత కాదు. అందుకే మా ఇంట్లో ఏ రెండు సందులూ ఒకే వెడల్పు ఉండవు. నేల మొత్తానికి పెరటి మోరీ వైపు సన్నని వాలు ఇచ్చాడు. పని అయిపోయాక నా గోళీ ఒకటి అడిగి తీసుకుని దర్వాజ దగ్గర పెట్టి వదిలాడు. అది నడిల్లు దాటి, వంటింటి గడప పక్కనుంచి మెల్లగా దొర్లుతూ పోయి మోరీలో పడింది. మళ్లీ దొరకలేదు.

* * *

పరచడం నాయిన పని, కాపాడడం అమ్మ పని. ఆమెకు ఎవరు నేర్పారో తెలియదు. నాయిన చెప్పినవి కొన్ని, ఆమె చేసి చూసి తెలుసుకున్నవి కొన్ని.

ముందు ఊడ్వాలి, ఒకసారి కాదు, రెండుసార్లు. ఇసుక ఉండగా నీళ్లు పోసి రుద్దితే ఇసుకే బండను గీరుతుంది. మొదటిసారి పొరకతో, రెండోసారి మెత్తని పాత చీపురుతో. తర్వాత ఉత్త నీళ్లు. సబ్బు కావాలంటే బట్టల సబ్బు ముక్క కొద్దిగా కరిగించి కలిపేది. మూల నుంచి మొదలుపెట్టి, కొబ్బరి పీచుతో సందుల వెంబడి రుద్దుకుంటూ, వాలు పోయిన వైపే నీళ్లను పొరకతో నెట్టుకుంటూ వచ్చేది. ఆ చప్పుడు, తడి పొరక బండ మీద సర్ర్ సర్ర్ అనే చప్పుడు, పొద్దున్నే నిద్రలో వినిపిస్తే ఆరోజు పండగో అమావాస్యో అని తెలిసిపోయేది. ఈగల కాలంలో బకెట్‌లో మూతెడు కిరసనాయిలు కూడా పడేది. ఆఖరున పొడిబట్ట. తడిని గాలికి వదిలేస్తే మచ్చలుగా ఆరుతుంది. మాది ఉప్పు నీళ్ల బోరు, తుడవకుండా వదిలితే తెల్లని చారలు పడతాయి. బాయి నీళ్లు తాగిన రోజుల్లో ఈ చారలు లేవని, బోరు వచ్చినంకే ఈ పని పెరిగిందని అమ్మ అంటుంది.

వానాకాలం తర్వాత గోడల పక్క బండల మీద తెల్లని పొడి లేచేది. నేను నీళ్లతో కడగబోతే ఆపేసింది. "అది ఉప్పు. నీళ్లు పోస్తే మల్ల లోపటికి పోతది. ఎండినంక ఊడ్చెయ్." భూమిలోని తడి పైకి వస్తూ ఉప్పును మోసుకొస్తుందని, తడి గాలికి ఆరిపోయి ఉప్పు పైన మిగిలిపోతుందని ఆ ఒక్క మాటలో ఉంది.

నూనె ఒలికితే బట్టతో రుద్దనిచ్చేది కాదు, రుద్దితే ఇంకా పరుచుకుంటుంది. అద్ది తీసి, దాని మీద మెత్తగా దంచిన సుద్దపొడి తడిపి మందంగా పెట్టి రాత్రంతా వదిలేది. తెల్లారేసరికి సుద్ద పసుపుపచ్చగా మారి పెచ్చులాగా లేచేది. ఒకసారికి పోకపోతే మళ్లీ. పసుపు మరకకు ఏమీ చేయదు. దర్వాజలోంచి ఎండ పడే చోటైతే నాలుగు రోజుల్లో అదే పోతుంది అనేది, పోయేది కూడా.

అన్నిటికంటే ముఖ్యం, పులుపు. "బండకు పులుపు పడది." ఈ మాట వినని రోజు లేదు. పండగకు ఇత్తడి బిందెలు చింతపండుతో తోమేది పెరట్లో మట్టి మీదనే, లోపల ఎప్పుడూ కాదు. నిమ్మకాయ కోస్తే కింద పళ్లెం ఉండాలి. వంటింటి గట్టుకు కడప నల్లరాయి వేశారు. దాని మీద చారు చుక్క పడితే చాలు, తుడిచిన తర్వాత కూడా అక్కడ మెరుపు పోయి చుక్క ఆకారమే మిగిలేది. నెలకోసారి అమ్మ దాని మీద కొబ్బరినూనె రాసేది. నూనె మచ్చను దాస్తుంది గానీ తీసేయదు.

మా అక్కకు మాత్రం బతుకమ్మ పండగ వస్తే ఏదీ పట్టేది కాదు. గునుగు పూలు కోసుకొచ్చి, గిన్నెల్లో రంగునీళ్లు కలిపి ముంచి, నడింట్లో బండల మీదనే ఆరబెట్టేది. గులాబీ, ఆకుపచ్చ, ఊదా. పండగ అయ్యాక చూస్తే బండల మీద పూలగుత్తుల ఆకారంలో రంగులు. అమ్మ తిట్టేది, సుద్ద పెట్టేది, సగం పోయేది. తర్వాతి ఏడు అక్క మళ్లీ అక్కడే. తంగేడు పూలతో ఏ గొడవా లేదు, అవి రంగు వేయకుండానే పసుపు.

* * *

ఎండాకాలం మధ్యాహ్నాలు చెప్పకపోతే ఈ నేల గురించి చెప్పినట్టే కాదు. బయట బర్రెలు కూడా నీడ వదిలి కదలని ఎండ. అన్నం తిన్నాక దర్వాజ మూసి, బండల మీద రెండు బకెట్లు చల్లి, ఆరీ ఆరకముందే చాప లేకుండా పడుకునేవాళ్లం. ఒక చెంప కింద బండ వేడెక్కితే పక్క బండ మీదికి జరగడం. అట్లా జరుగుతూ జరుగుతూ సాయంత్రానికి అందరం వంటింటి గడప దగ్గర ఒకచోటికి చేరేవాళ్లం. చెవి బండకు ఆనిస్తే అమ్మ నడక, పెరట్లో రోకలి దెబ్బ, అన్నీ కిందనుంచి వినిపించేవి. నాయిన నేర్పిన విద్యతో నేను పడుకున్నచోటే కణుపుతో ఒక్కో బండను కొట్టి వినేదాన్ని. అన్నీ ఖణ్ ఖణ్. ఒక్కటి కూడా డొల్ల లేదు.

* * *

అక్క పెళ్లికి ఇంటికి సున్నం వేయించాం. సున్నం వేసినవాళ్లు కింద గోనెసంచులు పరచలేదు. దర్వాజ ముందు బండల నిండా తెల్లని చుక్కలు. పెళ్లి నాలుగు రోజులుంది. నాయిన పందిరి గుంజల కోసం, అమ్మ బట్టల కోసం బయటికి పోయారు. నేల శుభ్రం చేయమని నాకు చెప్పారు. గోరుతో గీరితే రాలేదు. దుకాణంలో అడిగితే ఆయన ఒక సీసా ఇచ్చాడు. "యాసిడమ్మా, పొయ్యి, క్షణంలో పోతయి."

పోశాను. సర్రున నురగ లేచింది. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నురగ వస్తుంటే మురికి ఉడికి పోతుందనుకున్నాను. ఎంత ఎక్కువ నురగ వస్తే అంత శుభ్రమనుకుని దర్వాజ ముందు బండ మీద మిగతా సీసా అంతా ఒంపేశాను. ఒంపి, పక్కింటి వాళ్లు పిలిస్తే పోయి, మాటల్లో పడి చాలాసేపటికి వచ్చి నీళ్లు కొట్టాను.

సున్నం చుక్కలు పోయాయి నిజమే. వాటితో పాటు బండ కూడా పోయింది. నీలం మధ్యలో తెల్లని పెద్ద మరక, అంచులు వంకరటింకరగా, చెరువులో నీళ్లు ఎండిపోయిన చోటులాగా. వేలితో తాకితే పిల్లి నాలుక అంత గరుకు. పక్కబండల మీద కూడా చిన్న చిన్న చుక్కలు. ఎన్ని నీళ్లు పోసినా తడిగా ఉన్నంతసేపే మాయమై, ఆరగానే మళ్లీ తెల్లగా వచ్చేది.

నాయిన సాయంత్రం వచ్చి చూశాడు. చెప్పులు విడిచి, మరక పక్కన గొంతుక్కూచుని, అరచేయి పెట్టి నిమిరాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు భరించలేకుండా అయింది. కాసేపటికి, "సున్నం, ఈ బండ, రెండు ఒకటే బిడ్డా. సున్నాన్ని తినేది బండను ఇడిసిపెడుతదా? తడిగుడ్డ ఏసి నానబెట్టి, వెదురుబద్దతోని గీకితే వచ్చేది" అన్నాడు. పెళ్లి రోజు ఆ బండ మీద చాప పరిచారు. అక్క కుడికాలు పెట్టి బయటికి దాటింది ఆ చాప మీదనుంచే.

అదే ఏడు నన్ను మహబూబ్‌నగర్‌లో ఇంటర్‌లో చేర్పించి హాస్టల్‌లో వేశారు. రెండో ఏడు కెమిస్ట్రీ ల్యాబ్‌లో సాల్ట్ అనాలిసిస్. తెల్లని పొడి మీద రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేస్తే బుసబుస నురగ వచ్చింది. ఆ గ్యాస్‌ను సున్నపు తేటలోకి పంపిస్తే తేట పాలలాగా అయింది. కార్బొనేట్ అని రాసుకోమన్నారు. చుట్టూ అందరూ రాసుకుంటున్నారు. నాకు టెస్ట్ ట్యూబ్‌లో మా దర్వాజ కనిపించింది.

అంతకు ముందే, మొదటి ఏడు దసరాకు ఇంటికి వచ్చినప్పుడు, భయపడుతూ గడప దాటి కిందికి చూస్తే మరక లేదు. నీలంగా, నున్నగా ఉంది బండ. పక్కబండల మీది చుక్కలు కూడా అరిగి కలిసిపోయాయి. "ఎట్ల పోయింది నాయినా?" అంటే, "నూరిన. కార్బోరండం రాయి పెట్టి, నీళ్లు పోసుకుంట నూరి నూరి తీసిన" అన్నాడు. కణుపుతో కొట్టి చూశాను. ఖణ్ అనలేదు, కొంచెం మందంగా పలికింది. అడిగితే, నూరుడుకు కింద సున్నం కదిలిందేమో అన్నాడు. నమ్మాను. ఎవరింట్లో బండకు యాసిడ్ మరక పడినా, కార్బోరండంతో ఓపికగా నూరితే పోతుంది, మా నాయిన తీశాడు అని ఇన్నేళ్లూ గర్వంగా చెప్పాను.

* * *

తర్వాత పాలిష్ మెషిన్లు వచ్చాయి. నాయిన కూడా ఒకటి కిరాయికి తెచ్చి పని చేశాడు. ముతక రాళ్లతో మొదలుపెట్టి, నంబర్ పెంచుకుంటూ సన్నరాళ్లకు పోవడం, నేలంతా పాలలాంటి బురద, దాన్ని ఎప్పటికప్పుడు ఎత్తిపోయడం. ఒక నంబర్ ఎగ్గొడితే దాని గీతలు ఆఖరుదాకా ఉంటాయని, తొందరపడే ఇంటివాళ్లతో గొడవ పెట్టుకునేవాడు. ఆఖరున ఆగ్జాలిక్ పొడి చల్లి గోనెపట్టతో తిప్పేవారు. అదీ యాసిడే కదా నాయినా అని అడిగాను, ఇంటర్ చదివిన ధీమాతో. అది బండతో కలిసి నీళ్లకు కరగని సన్నని పొర అయి పైన ఉండిపోతుందని నేను పుస్తకంలో వెతుక్కుని తెలుసుకున్నాను. నాయినకు ఆ సంగతి చేతికి తెలుసు. "ఇది తినేది కాదు, కప్పేది" అన్నాడంతే.

ఆ తర్వాత టైల్స్ వచ్చాయి. పని తగ్గింది. ఊర్లో చాలా ఇళ్లల్లో బండల మీదనే సిమెంటు వేసి టైల్స్ అతికించారు. అట్లా అతికించిన ఇళ్లల్లో నాయిన పరిచినవి కూడా ఉన్నాయి. ఆ ఇళ్లకు పోయినప్పుడు ఆయన నేల వైపు చూసేవాడు కాదు.

* * *

నడిల్లు, దర్వాజ, వంటిల్లు కడిగాక వెనక అర్ర మిగిలింది. చిన్నప్పుడు అక్కడ జొన్నల గుమ్మి ఉండేది. గుమ్మి పోయాక అదే చోట ఇనుప డ్రమ్ము పెట్టారు. తుప్పు మరక పడుతుందని అమ్మ కింద చెక్క పెట్టించింది. తమ్ముడూ నేనూ కలిసి డ్రమ్మును పక్కకు దొర్లించి, చెక్క తీశాం. కింద మందంగా పాత జొన్న పొట్టు, దుమ్ము. ఊడ్చాను.

తెల్లని మరక. అంచులు వంకరటింకరగా, చెరువు ఎండిన చోటులాగా.

కూర్చుండిపోయాను. వేలు పెట్టి చూశాను. అదే గరుకు. అయితే మరక మీద ఒక పక్కనుంచి అర్ధచంద్రాకారంలో గీతలు, ఒకదాని మీద ఒకటి, చాలా ఉన్నాయి. ఆ మేరకు నున్నగా అయింది కూడా. అరచేయంత జాగా. అక్కడిదాకా నూరి ఆపేశాడు. మరక లోతు అంత ఉంది మరి.

"అమ్మా" అని పిలిచాను. అమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చి చూసింది. ఆశ్చర్యపోలేదు.

"మూడు రోజులు నూరిండు. చెయ్యి వాచింది. ఇగ కాదని, గుమ్మి ఖాళీ చేపిచ్చి, దీన్ని ఆడికెల్లి పీకి, ఇక్కడి బండ ఆడ ఏసిండు. కిందకు సున్నం దొరకలే, సిమెంటు పెట్టిండు. పండుగకు పిల్ల వస్తది, గడప కాడనే చూస్తది అన్నడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"అడుగుతే నూరిన అని చెప్పిండు కదా. నూరనైతే నూరిండు."

తమ్ముడు ఏమీ అనలేదు. పొద్దున కోస్గిలో టైల్స్ షాపుకు పోదామన్నవాడు ఫోన్ జేబులో పెట్టుకుని డ్రమ్ము మీద తుప్పు గీకుతూ నిలబడ్డాడు.

నేను లేచి దర్వాజ దగ్గరికి పోయి గడప లోపలి బండను కణుపుతో కొట్టాను. మందంగా పలికింది. పక్కది కొట్టాను. ఖణ్.

"నీళ్లు ఆరిపోతున్నయి, బట్ట పట్టు" అంది అమ్మ లోపలినుంచి. బకెట్ తీసుకుని వెనక అర్రలోకి వెళ్లి, మూల నుంచి మొదలుపెట్టి ఒక చెంబు పోశాను. బండ నీలంగా మారింది. మరక కనిపించలేదు. నీళ్లు కొద్దిసేపు ఆ గుంతలో ఆగి, సందులోంచి వంటింటి వైపుకు, అక్కడినుంచి మోరీ వైపుకు పోయాయి. గుంతలో మిగిలిన తడిని పొడిబట్టతో అద్దాను.